కందిరీగ నడుము, కందిరీగ కడుపు

ఒడిశాలోని పర్లాకిమిడి చేపల బజారులో ఎండ ఎక్కే వేళకి కత్తిపీటల చుట్టూ కందిరీగలు మూగుతాయి. అమ్మేవాళ్ళు వాటిని పెద్దగా పట్టించుకోరు. తోలితే మళ్ళీ వస్తాయి, తోలకపోతే తమ పని చూసుకుని పోతాయి. ఆ పనేమిటో కాస్త వంగి చూస్తే కందిరీగ తిండి సంగతి సగం అర్థమవుతుంది. ముక్క అంచున వాలిన కందిరీగ దవడలతో మాంసాన్ని కొద్దికొద్దిగా కోస్తుంది. ముందుకాళ్ళతో తిప్పుకుంటూ ఉండ చేస్తుంది. ఆ ఉండని నోట కరుచుకుని ఎగిరిపోతుంది. నమిలేటప్పుడు ఊరిన రసం తాగుతుందేమో గానీ మాంసం మాత్రం మింగదు. అదే పక్క వీధిలో జిలేబీ పళ్ళెం మీద వాలిందంటే అక్కడికక్కడే నిలబడి పాకం తాగేస్తుంది.

మాంసం ఇంటికి, పాకం కడుపులోకి. ఈ లెక్క వెనక ఉన్నది దాని నడుము. ఆ నడుము ఎంత సన్నమో అందరూ చూసిందే. దానివల్ల లోపలి ఆహారనాళం ఎలా మారిపోయిందో మాత్రం సూక్ష్మదర్శిని కింద పెడితే తప్ప తెలియదు.

ముందు నడుము సంగతి. మనం కందిరీగ పొట్ట అనుకునే భాగం పొట్ట మొదలు కాదు. పొట్టలోని మొదటి ఖండం ప్యూపా దశలోనే (పిల్ల పురుగు రెక్కల కందిరీగగా మారే దశ) రొమ్ముకి అతుక్కుపోయి దానిలో భాగమైపోతుంది. సన్నగా నొక్కేసినట్టు కనిపించేది మొదటి, రెండో ఖండాల మధ్య చోటు. తేనెటీగలకీ చీమలకీ కూడా ఇదే ఏర్పాటు. ఇదే వర్గంలో ఆకులు తినే రంపపు ఈగలకి మాత్రం నడుము లేదు, రొమ్ము నుంచి పొట్ట దాకా ఒకే మందం. నడుము ఉంటే పొట్టని ఎటు కావాలంటే అటు వంచవచ్చు, కొండిని గురి చూసి దించవచ్చు. పూర్వం ఇతర పురుగుల ఒంట్లో గుడ్లు పెట్టిన కందిరీగ జాతులకి ఇది గొప్ప వాటం. ఆ వాటానికి కట్టిన సుంకమే తిండి ఇబ్బంది.

నడుముని అడ్డంగా కోసిన స్లైడు చూస్తే ఆ ఇరుకు ఎలాంటిదో తెలుస్తుంది. చుట్టూ గట్టి అవభాసిని, అంటే కీటకం ఒంటి పెంకు (క్యూటికిల్). దాని లోపల పొట్టని ఆడించే కండరాల కొసలు, అడుగున నాడీదండం, పైన రక్తనాళం, పక్కల గాలి గొట్టాలు. వీటన్నిటి మధ్య, ఉన్న కాస్త జాగాలో, ఆహారవాహిక. దాని గోడ లోపలికి మడతలు పడి, మధ్యలో ఖాళీ చిన్న నక్షత్రం ఆకారంలో కనిపిస్తుంది. ద్రవమైతే అందులోంచి సాఫీగా పోతుంది. మాంసం తునక ఇరుక్కుంటే ముందుకీ పోదు, వెనక్కీ రాదు.

ఇలాంటి స్లైడు తయారు చేయడం అంత తేలిక కాదు. పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు కాలేజీల్లో జువాలజీ చదివిన తెలుగు పిల్లలకి బొద్దింక కోత బాగా తెలుసు. మైనపు ట్రే, సూదులు, సెలైన్ నీళ్ళు ఉంటే గంటలో ఆహారనాళం మొత్తం పరిచి చూపించేస్తారు. కందిరీగ దగ్గరికి వచ్చేసరికి నడుము దగ్గర నాళం పుటుక్కున తెగుతుంది. అందుకే తలనీ రొమ్మునీ విడిగా, పొట్టని విడిగా కోయడం రివాజు. ఇంకో చిక్కు కాలం. కందిరీగ చనిపోయిన కాసేపటికే మధ్య నాళంలోని (ఆహారం అరిగే భాగం) ఎంజైములు సొంత గోడనే కరిగించడం మొదలుపెడతాయి. కిటికీలో ఎండిపోయి దొరికిన కందిరీగ బొమ్మ గీసుకోవడానికి పనికొస్తుంది గానీ కణాలు చూడటానికి పనికిరాదు. బతికుండగా పట్టి, చల్లబరిచి, కోసిన వెంటనే పిక్రిక్ ఆమ్లం, ఫార్మలిన్, ఎసిటిక్ ఆమ్లం కలిపిన బూయాన్ ద్రావణంలో వేయాలి. తర్వాత ఆల్కహాల్‌లో నీరు లాగించి, 58–60 డిగ్రీల వేడిలో పారాఫిన్ మైనంలో పోతపోసి, మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద 5 నుంచి 7 మైక్రాన్ల మందాన కోస్తారు. హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు పడ్డాక కణకేంద్రకాలు ఊదా నీలంలో, మిగతాదంతా గులాబీ రంగులో తేలుతుంది. నడుము కావాలంటే అప్పుడే గూటి గదిలోంచి బయటికొచ్చిన, ఇంకా ఒళ్ళు గట్టిపడని కందిరీగని ఎంచుకోవాలి. ముదిరినదాని అవభాసిని బ్లేడుని ఎగరగొట్టి ముక్కని చీల్చేస్తుంది.

నడుము దాకా వెళ్ళకముందే నోట్లో మొదటి వడపోత జరుగుతుంది. నోటి అడుగున చిన్న సంచి ఒకటి ఉంటుంది, దాని దారిలో సన్నని నూగు. నమిలినప్పుడు మిగిలిన పిప్పి, దుమ్ము, శరీరం నాక్కున్నప్పుడు అంటిన నలుసులు అందులో చేరి ఉండకట్టుకుంటాయి. కందిరీగ ఆ ఉండని ఉమ్మేస్తుంది. రసం గ్రసని (గొంతు) కండరాల పంపుతో లోపలికి వెళ్తుంది. ఇక్కడొక విశేషం. మనిషి పేగు గోడల్లో ఉండేవి చారలు లేని నునుపు కండరాలు. కీటకాల్లో పేగు చుట్టూ ఉండేవి కూడా చారల కండరాలే. మంచి స్లైడులో ఆ అడ్డచారలు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా కనిపిస్తాయి.

నోటి నుంచి ఇక్కడిదాకా ఉన్న నాళం పిండ దశలో బయటి చర్మం లోపలికి మడత పడి ఏర్పడినదే. అందుకే లోపలి వైపు కూడా పల్చని అవభాసిని పూత ఉంటుంది. ఈ పూతలోంచి ఆహారం రక్తంలోకి ఇంకడం చాలా తక్కువ. అంటే ఈ భాగం పని జీర్ణం కాదు, రవాణా.

నడుము దాటాక, పొట్ట ముందు భాగంలో ఆహారవాహిక ఉబ్బి అన్నాశయం అవుతుంది. నిజానికి ఇది కందిరీగ మోసుకెళ్ళే బిందె లాంటిదనవచ్చు గానీ సూక్ష్మదర్శిని చూపించేది అంతకన్నా తమాషాగా ఉంటుంది. దాని కణాలు బల్లపరుపుగా, పల్చగా, గుర్తుపట్టడమే కష్టమన్నట్టు ఉంటాయి. ఖాళీ అన్నాశయం గోడ నిండా లోతైన మడతలు. నిండినప్పుడు అవన్నీ విడిపోయి గోడ దాదాపు పారదర్శకం అవుతుంది, లోపలి పాకం రంగు బయటికి కనిపిస్తుంది. గూటికి చేరాక కండరాలు నొక్కితే ఆ ద్రవం వెనక్కి, మళ్ళీ అదే నడుములోంచి నోట్లోకి వస్తుంది. తోటి కందిరీగలకీ, గూటిలోని పిల్ల పురుగులైన లార్వాలకీ పంచేది ఇదే. ఏప్రిల్, మే నెలల్లో గజపతి, రాయగడ జిల్లాల్లో బోరింగుల దగ్గర, మడుగుల అంచున గుంపులుగా కనిపించే కందిరీగలు నింపుకుపోయేది కూడా ఇందులోనే. కొంత నీళ్ళు గూడు కట్టే గుజ్జు కలపడానికి. మిగతాది గూటి గదుల మీద చల్లి, రెక్కలు ఆడించి చల్లబరచడానికి.

అన్నాశయం చివర కావలి ఉంటుంది. బొద్దింకలో గిజార్డ్ అని పిలిచే భాగానికి ఇది బంధువే. కానీ బొద్దింకలో అక్కడ ఆరు గట్టి పళ్ళు, ఆహారాన్ని నూరడానికి. కందిరీగకి నూరాల్సింది ఏమీ లేదు. కాబట్టి పళ్ళ స్థానంలో నాలుగు పెదవులు మిగిలాయి. అవి కలిసినప్పుడు మధ్యలో గుణకారం గుర్తు (×) ఆకారపు చీలిక ఏర్పడుతుంది. పెదవుల అంచున వెనక్కి వంగిన సన్నని వెంట్రుకలు. చుట్టూ మందమైన వలయ కండరం. ఆ కండరం బిగిస్తే అన్నాశయంలోది అన్నాశయంలోనే ఉంటుంది, గూటికి మోసే సరుకుకీ సొంత భోజనానికీ తేడా ఇక్కడే. కందిరీగకి ఆకలేస్తే పెదవులు తెరుచుకుని కొంచెం రసం వెనక్కి జారుతుంది. ఆ వెనక నాళం గోడ రెండు పొరలుగా మధ్య నాళంలోకి కొంత దూరం వేలాడుతుంది. వెనక నుంచి ఒత్తిడి వస్తే అది నొక్కుకుని మూసుకుపోతుంది కాబట్టి జీర్ణమవుతున్న రసం అన్నాశయంలోకి ఎక్కదు.

మధ్య నాళంలో అడుగుపెడితే స్లైడు రంగే మారిపోతుంది. ఇక్కడ అవభాసిని లేదు. పొడవైన స్తంభాకార కణాలు ఒకదాన్ని ఒకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి, ఒక్కో కణంలో పెద్ద కేంద్రకం. లోపలి అంచున గులాబీ గీత కనిపిస్తుంది. మామూలు సూక్ష్మదర్శినిలో అది వట్టి గీతే. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూస్తే అది లెక్కలేనన్ని సూక్ష్మచూషకాల, అంటే వేళ్ళలా పొడుచుకొచ్చిన అతిసన్నని మొలకల వరస. ఎంజైములు వదిలేదీ, అరిగిన ఆహారాన్ని పీల్చేదీ ఈ కణాలే. కణం అడుగు భాగంలో పొర లోపలికి మడతలు పడి, మడతల మధ్య మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి. నీటినీ లవణాలనీ అటూ ఇటూ పంపడానికి శక్తి అక్కడినుంచి వస్తుంది.

కండరాల అమరిక కూడా తిరగబడుతుంది. ముందు నాళంలో నిలువు కండరాలు లోపల, వలయ కండరాలు బయట. మధ్య నాళంలో వలయ కండరాలు లోపలికి వస్తాయి, నిలువువి బయటికి పోతాయి. పేరు రాయని స్లైడు చేతికి వచ్చినప్పుడు అది ఏ భాగమో తేల్చడానికి విద్యార్థులకి ఇదొక మంచి ఆనవాలు. బొద్దింకలో మధ్య నాళం మొదట్లో ఎనిమిది కాలేయ అంధనాళాలు వేలాడుతుంటాయి. కందిరీగలో అవి లేవు. వాటికోసం వెతుక్కుంటూ కూర్చుంటే కాలం వృథా.

స్తంభాకార కణాల అడుగున అక్కడక్కడ చిన్న కణాలు గుంపులుగా ఉంటాయి, ముదురు నీలం రంగులో. పని చేసి అలిసిన పెద్ద కణాలు రాలిపోతుంటే వాటి స్థానంలోకి ఎదిగేవి ఇవి. మామూలు రోజుల్లో వీటి పాత్ర మరమ్మతే. ప్యూపా దశలో మాత్రం పాత నాళం గోడ మొత్తం రాలిపోయి, ఈ చిన్న కణాల నుంచే కొత్త గోడ పుట్టుకొస్తుంది. రాలిన పాత గోడ కొత్త నాళం మధ్యలో పసుపు రంగు ముద్దగా ఉండిపోతుంది. మాంసం తిన్న లార్వా, పాకం తాగే పెద్ద కందిరీగ ఒకే జీవి అయినా వాటి కడుపు గోడలు ఒకటి కావు.

ఆహారానికీ ఈ కణాలకీ మధ్య మరో పొర ఉంది, పెరిట్రోఫిక్ పొర. 1890లో బాల్బియానీ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. కైటిన్, ప్రోటీన్లు కలిసిన సన్నని గొట్టం. నాళం లోపల మరో నాళం అన్నమాట. మన పేగుల్లో జిగురు చేసే కాపలా పనిని కీటకాల్లో ఇది చేస్తుంది. సూక్ష్మజీవులని ఆపుతుంది, ఎంజైములనీ అరిగిన చిన్న అణువులనీ మాత్రం పోనిస్తుంది. గట్టి తిండి తినే పురుగులో కణాలకి గీతలు పడకుండా ఈ పొర కావాలంటే అర్థం ఉంది. ద్రవం తాగే పెద్ద కందిరీగకి ఎందుకు? గీతలు పడకపోవచ్చు గానీ కల్లు, కుళ్ళిన పండు, చేప రసం తాగే జీవికి సూక్ష్మజీవుల బెడద తక్కువేమీ కాదు.

ఇక అసలు కడుపు దగ్గరికి రావాలి. అది పెద్ద కందిరీగలో లేదు, గూటిలో ఉంది.

గూటి గదుల నోళ్ళు కిందికి ఉంటాయి. లార్వా తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. బజారు నుంచి, పొలం నుంచి వచ్చిన మాంసం ఉండని పెద్ద కందిరీగలు మరోసారి నమిలి దాని నోటికి అందిస్తాయి. లార్వాకి నడుము లేదు, ఆహారవాహిక పొట్టిగా వెడల్పుగా ఉంటుంది. దాని వెనక మధ్య నాళం శరీరంలో సింహభాగం ఆక్రమిస్తుంది. నిలువుకోత స్లైడులో చూస్తే లార్వా అంటే కొవ్వు కణాల్లో చుట్టిన ఒక పెద్ద కడుపే అనిపిస్తుంది. పురుగు మాంసంలోని ప్రోటీన్‌ని విరిచే ఎంజైములు ఇక్కడ దండిగా ఉంటాయి.

పెద్ద కందిరీగ మీసాలతో, నోటితో లార్వా తలని తడుతుంది. లార్వా నోటి దగ్గర స్వచ్ఛమైన చుక్క ఒకటి ఊరుతుంది. పెద్దది దాన్ని తాగేస్తుంది. ఆ చుక్కలో చక్కెరలు, ఎమైనో ఆమ్లాలు ఉంటాయి. 1968లో ఇషాయ్, ఇకాన్ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు వెస్పా ఓరియెంటాలిస్ అనే భారీ ఒంటి కందిరీగ జాతిలో ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని వివరంగా చూపించారు. ప్రోటీన్ నుంచి చక్కెర తయారు చేసేది లార్వాయేననీ, పెద్దవి దాని మీద ఆధారపడతాయనీ వాళ్ళ వాదన. జపాన్‌లో తకాషి ఆబే ఇదే లాలాజలంలోని ఎమైనో ఆమ్లాల మిశ్రమాన్ని పరిశోధించారు, దాంతో ఒక స్పోర్ట్స్ డ్రింక్ బజారులోకి వచ్చింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ మారథాన్‌లో బంగారు పతకం గెలిచిన నవోకో తకహాషి పేరు ఆ డ్రింక్‌తో ముడిపడిపోయింది. పరుగెత్తింది ఆవిడ, గెలిచింది కందిరీగ ఉమ్మి అనడం వ్యాపారం మాట.

అయితే పెద్ద కందిరీగకి ప్రోటీన్ అరగదు అని పుస్తకాల్లో కుండబద్దలు కొట్టినట్టు రాయడం కూడా సరికాదు. 1970లలో వెస్పులా జాతి కందిరీగల మీద జరిగిన పరిశీలనల్లో పెద్దవాటి మధ్య నాళంలోనూ ప్రోటీన్‌ని విరిచే ఎంజైములు దొరికాయి.  స్లైడులో కనిపించే సూక్ష్మచూషకాలూ, పెరిట్రోఫిక్ పొరా కూడా వట్టి పాకం తాగే జీవికి అవసరమైన దానికంటే ఎక్కువ సరంజామాలాగే ఉంటాయి. కాబట్టి అడ్డు ఎంజైములది కాదు, దారిది అనుకోవడం మేలు. ద్రవంలో కరిగి వచ్చిన ప్రోటీన్‌ని ఆ కడుపు ఎంతోకొంత అరిగించుకోగలదు. తునకగా వచ్చినదాన్ని నోటి సంచీ, నడుమూ రానివ్వవు.

లార్వా కడుపులో ఇంకో వింత ఉంది. మధ్య నాళం వెనక కొస మూసుకుని ఉంటుంది. వెనక నాళంతో దానికి లంకె లేదు. తిన్నన్ని రోజులూ లార్వా మలవిసర్జన చేయదు. పిప్పి అంతా పెరిట్రోఫిక్ పొరల సంచిలో పేరుకుంటుంది. తిండి ముగిసి, గది మూతని పట్టుతో అల్లుకున్నాక ఆ అడ్డుగోడ తెరుచుకుని మొత్తం ఒక్కసారిగా బయటికి వస్తుంది. ఆ పట్టు ఊరేది కూడా అంతదాకా లాలాజలం ఇచ్చిన గ్రంథి నుంచే. కిక్కిరిసిన గదుల్లో పిల్లలు పెరిగే గూడు ఇలా కాకపోతే శుభ్రంగా ఉండదు. వదిలేసిన పాత గూడు దొరికితే ఒక గదిని నిలువుగా చీల్చి చూడండి. లోపలి కొసన నల్లగా, ఎండి, బిరుసుగా అంటుకున్న పెచ్చు ఉంటుంది. అదే ఆ మలం. పెచ్చు పొరలుపొరలుగా ఉంటే ఆ గదిలో ఒకరి తర్వాత ఒకరుగా ఎందరు పెరిగారో లెక్కపెట్టవచ్చు. గూళ్ళ మీద పని చేసే పరిశోధకులు నిజంగానే ఆ లెక్క వాడతారు. నీళ్ళలో నానబెట్టి విప్పితే పెరిట్రోఫిక్ పొరల తునకలు, వాటిలో పురుగుల దవడలు, కాళ్ళ ముక్కలు కనిపిస్తాయి. ఆ కందిరీగలు ఏం వేటాడాయో చెప్పే సాక్ష్యం అది.

పెద్ద కందిరీగ వెనక నాళం గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. మధ్య, వెనక నాళాలు కలిసే చోట మాల్పీజియన్ నాళికలు గుత్తిగా పుడతాయి. ఇటలీ శాస్త్రవేత్త మార్సెల్లో మాల్పీజి పట్టుపురుగు మీద 1669లో అచ్చు వేసిన పుస్తకం నుంచి ఆ పేరు. ఒకే వరస కణాలతో, రక్తంలో తేలుతూ యూరిక్ ఆమ్లాన్ని తోడి వెనక నాళంలో పోస్తాయి. పురీషనాళం గోడలో కొన్నిచోట్ల మాత్రం కణాలు మందంగా, పొడుగ్గా దిండ్లలా కనిపిస్తాయి. బయటికి పోయే ముందు నీటినీ లవణాలనీ వెనక్కి లాగేవి అవి. దాని పక్కనే విషపు సంచి ఉంటుంది గానీ ఆహారనాళంతో దానికి ఏ సంబంధమూ లేదు.

గజపతి, రాయగడ కొండ ఊళ్ళలో జీలుగు కల్లు, కింద పల్లంలో తాటి కల్లు. ఏ కుండ దగ్గర చూసినా కందిరీగ ఉంటుంది. కల్లు తాగి కందిరీగకి మత్తెక్కదా అని అడిగేవాళ్ళకి 2024లో ఇజ్రాయెల్ నుంచి జవాబు వచ్చింది. వెస్పా ఓరియెంటాలిస్ కందిరీగలకి 80 శాతం ఆల్కహాల్ కలిపిన చక్కెర నీళ్ళు తాగించినా వాటి నడతలోనూ ఆయుష్షులోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆల్కహాల్‌ని విరిచే ఎంజైము జన్యువు వాటిలో ఒకటికి మించి ప్రతులుగా ఉంది. కల్లులో ఉండే ఆల్కహాల్ దీని ముందు ఏపాటి. ఇందులో ఈస్ట్ సంగతి కూడా కలిసి ఉంది. ఇటలీలో 2012లో వెలువడిన పరిశోధన ప్రకారం కల్లునీ ద్రాక్షసారానీ పులియబెట్టే సాక్రోమైసిస్ సెరివిసియే అనే ఈస్ట్ చలికాలమంతా రాణి కందిరీగల పేగుల్లో బతికుండి, వసంతంలో వాటి లార్వాలకి చేరుతుంది. 2016లో అదే బృందం ఇంకో అడుగు వేసి, పోలిస్టిస్ కందిరీగ పేగులో వేర్వేరు ఈస్ట్ రకాలు ఒకదానితో ఒకటి జతకట్టి సంకరం అవుతాయని చూపించింది. ఒడిశా సరిహద్దులో కల్లు కుండ నుంచి కుండకి ఈస్ట్ చేరే దారుల్లో కందిరీగ అన్నాశయం ఒకటి అయ్యే వీలు బాగానే ఉంది.

రాయగడ జిల్లాలో పత్తి వేసే రైతులకి ఇదంతా మరో వైపు నుంచి తగులుతుంది. కందిరీగలు గూటికి మోసే ఉండల్లో ఎక్కువ భాగం ఆకు తినే గొంగళిపురుగులే. మన దేశంలో 2002లో అనుమతి వచ్చిన బీటీ పత్తి పని చేసేది కూడా కడుపులోనే. గొంగళిపురుగు మధ్య నాళంలో క్షారగుణం బాగా ఎక్కువ. బీటీ ప్రోటీన్ అక్కడ చురుకుగా మారి, సూక్ష్మచూషకాల మీది ప్రత్యేక గ్రాహకాలకి అతుక్కుని, కణాలకి చిల్లులు పెడుతుంది. పొగాకు లద్దె పురుగు మీద మొదటి తరం బీటీ ప్రభావం అంతంతమాత్రం. ఆకు తిని బతికిన ఆ పురుగుని కందిరీగ పట్టుకెళ్తే ప్రోటీన్ కూడా లార్వా కడుపులోకి చేరుతుంది. కానీ కందిరీగ లార్వా మధ్య నాళంలో అంత క్షారం లేదు, ఆ గ్రాహకాలూ లేవు, కాబట్టి అది మిగతా మాంసంతో పాటే అరిగిపోతుంది. పైన కొట్టే మందుల కథ వేరు. ఆర్గానోఫాస్ఫేట్ల వంటివి నాడుల మీద పని చేస్తాయి, ఒంటికి తగిలినా చాలు. మందు కొట్టిన చేలో వేటాడిన కందిరీగ అక్కడే పడిపోవచ్చు, లేదా ఆ మందు తడిసిన ఉండని గూటికి మోసి లార్వా నోట్లో పెట్టవచ్చు. రసం పీల్చే పురుగుల కోసం పత్తికి మందు పట్టించేది పూత, కాయ దశల్లో, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. గూళ్ళలో లార్వాలు నిండుగా ఉండేదీ ఇంచుమించు ఆ వానాకాలపు చివరి నెలల్లోనే.